అపరాధ పరిశోధకుడు నవ్వించిన కథ

ఒకరిని అనుకరించి నవ్వించవలెనన్న, ఆ ఒకరు ముందుగా అందరికీ పరిచితుడై యుండవలెను. తెలుగు ఇండ్లలో అపరాధ పరిశోధకుడు అట్టివాడే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఎందరి చేత రాత్రి దీపము ఆర్పనీయక చదివించెనో పెద్దలకు జ్ఞాపకమే!

మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవల ఆధారముగా జంధ్యాల గారు 1986లో తీసిన 'చంటబ్బాయ్' చిత్రము ఆ పరిచయమునే పెట్టుబడిగా చేసికొన్నది. దానికి రంగస్థలము మన విశాఖపట్నము. 1933లో నౌకాశ్రయము తెరచిన ఈ నగరమున కొండలు, ఓడలు, క్రొత్త ముఖములు – రహస్యకథకు కావలసినవన్నియు కలవు. అయితే జంధ్యాల గారు మనకు చూపినది తన్ను తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకొను పాండురంగారావును. చిరంజీవి గారు ధరించిన ఆ పాత్రలో దర్జా సీమదొరది. తొట్రుపాటు మన వీధి కుర్రవానిది.

అమెరికాలో 1982లో పోలీసు నాటకములను వెక్కిరించిన 'పోలీస్ స్క్వాడ్' అను టెలివిజన్ హాస్యమాలిక ఆరు భాగములతోనే ఆగిపోయినది. ప్రేక్షకుడు శ్రద్ధగా చూడవలసివచ్చుటయే దాని దోషమట! 1988లో అదియే 'నేకెడ్ గన్' చిత్రమై జయించినది. 'చంటబ్బాయ్' కూడ విడుదలనాటికంటె, టెలివిజన్ ద్వారా ఇంటింటికి వచ్చిన పిమ్మటనే మనకు మరింత ఆత్మీయమైనది.

కారణమేమి? ఇన్ని నవ్వుల నడుమ పాండురంగారావు వెదకునది నిధిని కాదు, తప్పిపోయిన ఒక సోదరుని. గంభీరుడైన పరిశోధకుని మనము మెచ్చుకొందుము. తడబడుచునే ఒకరి దుఃఖమును నెత్తికెత్తుకొన్న వానిని మనవానిగా చేసికొందుము.