కోరిన వస్తువు: ఆర్డరు పని నుంచి ఆన్‌లైన్ ఎంపిక దాకా

కొనేవారు చెప్పిన కొలతకు, రూపుకు వస్తువు చేసి ఇవ్వడాన్ని ఆర్డరు పని అంటారు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చేతివృత్తులు ఎక్కువగా దీనిమీదే బతికాయి. ఇప్పుడు ఆ ఎంపికను కొనుగోలుదారు చేత తెరమీద చేయించే సాధనాలున్నాయి. అవి ఎంత సులువుగా పనికొస్తున్నాయో పరీక్షించే పద్ధతులూ వాటితోపాటు ఎదిగాయి.

కరీంనగర్ వెండి తీగపని ఎలగందులలో సుమారు 200 ఏళ్ల కిందట మొదలైందని చెబుతారు. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారింది. కాలక్రమంలో ఈ వృత్తీ అక్కడికే చేరింది. అత్తరుదానులు, పాన్‌దానులు చేయించుకున్న సంపన్న కుటుంబాలు దీనికి తొలి ఆదరువు. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని తీరు చూస్తే ఆర్డరు ఎక్కడ తేలుతుందో అర్థమవుతుంది. కరిగించిన వెండిని కడ్డీగా పోసి, కమ్మచ్చు కంతల్లోంచి లాగి సన్నని తీగ చేస్తారు. రెండు పోగులు కలిపి పురిపెట్టి, నొక్కి, కాగితంమీది నమూనా ప్రకారం మందపాటి తీగ చట్రంలో అమరుస్తారు. వెలిగారం వేసి వేడి చూపి అతికేదాకా మార్పు కుదురుతుంది, ఆ తర్వాత కష్టం. అందుకే తూకం, పరిమాణం, నమూనా ముందే ఒక్కొక్కటిగా మాట్లాడుకోవాలి.

ఆదిలాబాద్ డోక్రా అనే లోహపు పోతపనిలో సర్దుబాటుకు ఇంకా తక్కువ చోటు. జైనూరు మండలం ఉషేగాం వైపు ఓఝా కళాకారులు గోండులకు దేవతామూర్తులు, గంటలు, దీపాలు చేసేవారు. మట్టి దిమ్మమీద మైనపు పోగులు చుట్టి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మూసను పగలగొడితేనే వస్తువు బయటికొస్తుంది కనుక అచ్చంగా అలాంటిదే ఇంకొకటి రాదు. దీనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

కోరినట్టు చేసి ఇచ్చే ఈ పద్ధతిని కర్మాగారాలు 1990లలో అందిపుచ్చుకున్నాయి. డెల్ 1996లో కంప్యూటర్లను కోరిన అమరికలతో ఇంటర్నెట్లో అమ్మింది, 1999లో నైకీ బూట్ల రంగుల ఎంపికను కొనేవారికి వదిలింది. చిక్కూ ఆ ఏళ్లలోనే తెలిసింది. ఎంపికలు కుప్పపోస్తే జనం తికమకపడుతున్నారని, ఒక్కొక్క లక్షణం గురించి విడివిడిగా అడిగితే తృప్తి పెరుగుతోందని 1998లో పరిశోధకులు హఫ్‌మన్, కాన్ చూపారు. తీగపని దుకాణంలో జరిగే మాట ఎప్పటినుంచో ఆ వరసలోనే నడుస్తోంది.

సాధనం వాడటానికి ఎంత సులువో కొలిచే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన 10 వాక్యాల ప్రశ్నావళి నేటికీ వాడుకలో ఉంది. 1998 నాటి ఐఎస్ఓ 9241-11 ప్రమాణం మూడింటిని చూడమంది: పని పూర్తయిందా, ఎంత శ్రమతో అయింది, వాడినవారికి తృప్తి కలిగిందా. పనిచేస్తూ తోచింది పైకి చెప్పమని కొందరు వాడకందారులను కూర్చోబెట్టడం మరో పద్ధతి; అంకెలకన్నా ఇందులోనే ఎక్కువ బయటపడుతుంది. పరిశోధకుడు ఎరిక్ వాన్ హిప్పెల్ 2001లో ఇంకో మెట్టు పైకెళ్లి, మంచి సాధనం కొనేవారిని అక్కడే తప్పుచేసి దిద్దుకోనివ్వాలన్నాడు.

ఈ కొలమానాలు మన చేతిపనులకు సగమే సరిపోతాయి. తెలుగులో పేరుతో వెండితీగ లాకెట్ కోరారనుకుందాం. తెరమీద అక్షరాలు అందంగానే కనిపిస్తాయి. కింద విడిగా ఉండే వత్తులను మాత్రం ఎక్కడో ఒకచోట చట్రానికి కలపాలి, లేకపోతే నిలవవు. పనివాడు ఆ మాట ముందే చెబుతాడు. సాధనం చెప్పకపోతే అది పరీక్షలో తప్పినట్టే, వాడకందారు మూడు నిమిషాల్లో ఆర్డరు పూర్తిచేసినా సరే. డోక్రాకైతే పరీక్ష వస్తువు ఇంటికి చేరాక కూడా సాగాలి. తెరమీది బొమ్మకూ చేతికొచ్చిన దానికీ తేడా ఉంటుందని కొన్నవారికి ఆర్డరు పెట్టే ముందే తెలిసిందా అన్నది అడగాలి.