ఐష్ అంటే రోటీ

మొన్న జుమా రోజు రాత్రి అందరం దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాం. ఇంజనీరింగ్ చదువుతున్న మా భాంజా, తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టమని వాళ్లమ్మ ఎంత మొత్తుకున్నా వినడు. ఆ రోజు కూడా నీళ్ల గ్లాసుకు ఫోన్ ఆనించి ఏదో కరెంట్ అఫైర్స్ వీడియో నడిపిస్తున్నాడు. అది 14 నిమిషాల వీడియో. శ్రీలంక, సూడాన్, బంగ్లాదేశ్ మూడు ముల్కుల తిరుగుబాట్లనీ ఆ మాట్లాడే పెద్దమనిషి ఒకే దారానికి గుచ్చేశాడు.

"చూశారా మామూ, అవామ్ అంటూ ఎవరూ లేరంట. అంతా బయటి నుంచి నడిపిన సాజిష్ అంట" అన్నాడు వాడు.

అన్నం వడ్డిస్తున్న అమ్మీ చెయ్యి ఆపి, "ఆ ఊళ్లలో కిలో బియ్యం ఎంతుందో చెప్పాడా ఆయన?" అని అడిగింది.

వాడు నవ్వేశాడు. వీడియోలో బాణం గుర్తులున్న మ్యాపులు ఉన్నాయి, రాయబారుల ఫోటోలు ఉన్నాయి, గుండె దడ పుట్టించే మ్యూజిక్ ఉంది. బియ్యం ధర మాత్రం లేదు. అమ్మీ అడిగిన సవాల్‌ను ఒకప్పుడు ఓ అదాలత్ కూడా అడిగింది. ఆ కేసు మిస్ర్‌ది, అంటే ఈజిప్టుది. భాంజాకు ఆ రాత్రి సగమే చెప్పగలిగాను, వాడికి నిద్రొచ్చింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట గురించి. మేము ఉర్దూ మీడియం బడిలో బాద్షాల పాఠాలు చదివేటప్పుడు "ఐష్-ఓ-ఇష్రత్" అనే మాట ప్రతి రెండో పేజీలో తగిలేది. విలాసం, జల్సా అని అర్థం. ఇప్పటికీ మన ఇళ్లలో పని చెయ్యకుండా తిరిగే పిల్లాణ్ని "ఐష్ చేస్తున్నాడు" అంటాం కదా. అదే మాట ఖాహిరాలో, అంటే కైరోలో, దుకాణం ముందు నిలబడి అడిగితే చేతికి గుండ్రటి గోధుమ రొట్టె ఇస్తారు. కడప వైపు నుంచి కువైట్ వెళ్లి పనిచేసి వచ్చినవాళ్లనడిగితే, అక్కడ ఐష్ అంటే అన్నం అని చెబుతారు. మాట ఒక్కటే. అరబీలో దాని మూలానికి బతకడం అని అర్థం. బతుకును ఒకరు రొట్టె అన్నారు, ఒకరు అన్నం అన్నారు. మనం జల్సా అన్నాం. మనకు ఆ మాట దర్బారు నుంచి వచ్చింది, వాళ్లకు పొయ్యి దగ్గర నుంచి వచ్చింది, అంతే ఫరక్.

1952లో ఫౌజీ అఫ్సర్లు మిస్ర్ రాజును దించేశాక, జమాల్ అబ్దుల్ నాసిర్ కాలంలో హుకూమత్‌కీ అవామ్‌కీ మధ్య రాయని ఒప్పందం ఒకటి ఏర్పడింది. మీరు రాజకీయాలు అడగొద్దు, రొట్టె, చదువు, నౌకరీ మేము చూసుకుంటాం అని. పిండి, చక్కెర, నూనె, టీ అన్నీ సబ్సిడీ మీద దొరికేవి. నాసిర్ 1970లో పోయాడు. ఆయన తర్వాత అన్వర్ సాదాత్ వచ్చాడు. 1973 రంజాన్ నెలలో మిస్ర్ ఫౌజు సూయజ్ కాలువ దాటింది. ఆ దాటడాన్ని వాళ్లు "ఉబూర్" అంటారు. సాదాత్ పేరు మార్మోగిపోయింది. మరుసటి ఏడు ఆయన కొత్త మఆషీ పాలసీ తెచ్చాడు. దాని పేరు "ఇన్‌ఫితాహ్". దుకాణం మొదలుపెట్టేటప్పుడు మనం కార్డుల మీద వేయించే "ఇఫ్తితాహ్" దాని చుట్టమే. తలుపులు తెరవడం. తలుపులు తెరిస్తే ముందు లోపలికొచ్చింది విదేశీ కార్లు, సెంట్లు, సిగరెట్లు. హుకూమత్ అప్పులు పెరిగాయి, మెహంగాయి పెరిగింది. మిల్లు మజ్దూర్ తన్ఖా మాత్రం అక్కడే ఉండిపోయింది.

అప్పు కావాలంటే సబ్సిడీలు తగ్గించమని ఐఎంఎఫ్ ఒత్తిడి పెట్టింది. 1977 జనవరి 17న ఆర్థిక వ్యవహారాలు చూసే ఉప ప్రధాని అబ్దుల్ మున్‌ఇమ్ ఖైసూనీ పార్లమెంటులో కొత్త బడ్జెట్ లెక్క చెప్పాడు. పిండి, బియ్యం, చక్కెర, టీ, వంటగ్యాస్ లాంటి పాతిక దాకా నిత్యావసరాల ధరలు ఒక్క దెబ్బకు పెరిగాయి. అంతకు ముందు ఎవరితోనూ సలహా లేదు, జనానికి ఇషారా లేదు. పొద్దున్నే అఖ్బార్లలో చదివి తెలుసుకున్నారు.

18వ తేదీ పొద్దున ఖాహిరాకు దక్షిణాన ఉన్న హెల్వాన్‌లో మిల్లు మజ్దూర్లు పని మానేసి బయటికొచ్చారు. అలెగ్జాండ్రియాలో ఓడల కార్ఖానా మజ్దూర్లు వచ్చారు. యూనివర్సిటీల నుంచి తాలిబే ఇల్ములు కలిశారు. సాయంత్రానికి అలెగ్జాండ్రియా నుంచి అస్వాన్ దాకా జనం రోడ్ల మీదే. ఆ రోజు మోగిన నారాల్లో ఒకటి ఇప్పటికీ మిస్ర్ వాళ్లకు నోటికొచ్చు: "యా బతలల్ ఉబూర్, ఫేనల్ ఫుతూర్?" ఓ కాలువ దాటిన హీరో, మా నాష్తా ఏదీ? మూడేళ్ల కింద అదే నోళ్లు ఆయన్ని హీరో అన్నాయి. ఇప్పుడూ హీరో అనే పిలుస్తున్నాయి, కానీ నాష్తా అడుగుతున్నాయి. ఇందులో ఉన్న ఎత్తిపొడుపు మన అత్తగార్లకు బాగా అర్థమవుతుంది.

అంతా శాంతిగా జరిగిందని నేను చెప్పను. పోలీస్ ఠాణాలు తగలబెట్టారు. బస్సులు, దుకాణాలు ధ్వంసం చేశారు. పిరమిడ్ల రోడ్డులో ధనవంతులు, బయటి నుంచి వచ్చిన షేకులు రాత్రంతా గడిపే నైట్‌క్లబ్బుల మీద పడ్డారు. ఐష్ అంటే విలాసం అనుకునేవాళ్లకూ ఐష్ అంటే రొట్టె అనుకునేవాళ్లకూ ఆ రోడ్డు మీద ముఖాముఖి అయింది. సాదాత్ అప్పుడు అస్వాన్‌లో ఉన్నాడు, హడావిడిగా రాజధానికి వచ్చాడు. 19న కర్ఫ్యూ పెట్టి ఫౌజును దింపారు. 1952 తర్వాత ఖాహిరా వీధుల్లో జనం మీదికి ఫౌజును పంపడం అదే మొదటిసారి. అదే రోజు ధరల పెంపు వాపస్ తీసుకున్నారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 70 మందికి పైగా చనిపోయారు. వందల మంది గాయపడ్డారు. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. ధర పెంచిన హుక్మ్ మూడు రోజులు కూడా బతకలేదు.

ఇక్కడి దాకా చాలామందికి తెలిసిన తారీఖే. నాకు అసలు ముఖ్యం అనిపించేది దీని తర్వాతిది.

మిస్ర్ అవామ్ దీనికి "ఇంతిఫాదతుల్ ఖుబ్జ్" అని పేరు పెట్టారు, రొట్టె తిరుగుబాటు అని. సాదాత్ "ఇంతిఫాదతుల్ హరామియ్యా" అన్నాడు. హరామీ అంటే అక్కడ దొంగ. దొంగల తిరుగుబాటు అని. వెనక కమ్యూనిస్టులున్నారు, వాళ్ల వెనక బయటి దేశం ఉంది, ఇది హుకూమత్‌ను కూల్చే సాజిష్ అన్నాడు. ఫిబ్రవరిలో కొత్త ఖానూన్ మీద రెఫరెండం పెట్టారు. హర్తాళ్లకూ జులూసులకూ యావజ్జీవ కఠిన శిక్ష దాకా వెయ్యొచ్చని ఆ ఖానూన్. 99 శాతానికి పైగా ఓట్లు దానికి అనుకూలంగా పడ్డాయని సర్కారీ ఎలాన్. జనవరిలో దేశమంతా వీధిలో ఉంది, ఫిబ్రవరిలో దేశమంతా ఆ వీధిని మూసెయ్యడానికి ఒప్పుకుంది! ఇలాంటి 99 ఎక్కడ కనిపించినా అనుమానించడం జర్నలిస్టుగా నా పాత అలవాటు.

సాజిష్ చేశారని 176 మంది మీద ముకద్దమా నడిచింది. స్టేట్ సెక్యూరిటీ అదాలత్, మామూలు అదాలత్ కాదు. అక్కడ హుకూమత్‌కు కావలసిన ఫైసలా వస్తుందని అందరూ అనుకున్నారు. 1980లో జడ్జి హకీమ్ మునీర్ సలీబ్ ఫైసలా చదివారు. ముల్జిముల్లో చాలా ఎక్కువ మందిని నిర్దోషులుగా వదిలేశారు, కొద్దిమందికే శిక్ష పడింది. సాజిష్‌కు సబూత్ లేదని తేల్చారు. మరి ఆ జనం ఎందుకొచ్చారు అనే సవాల్‌ను ఆయన దాటెయ్యలేదు. ఆ ఒక్క రాత్రిలో పెరిగిన ధరల దగ్గరికే వెళ్లారు. సుఖం వస్తుందని పాలకులు చెబుతూ వచ్చాక, ముందు మాట లేకుండా నెత్తిన పడిన ధరల వల్లే జనం బయటికొచ్చారని ఆయన ఫైసలా సారాంశం. అమ్మీ దస్తర్‌ఖాన్ మీద అడిగింది కూడా ఇదే కదా.

ఇప్పుడు రెండో పక్క కూడా చెప్పాలి. ఖైసూనీ లెక్కలు అబద్ధం కాదు. గోధుమ బయటి దేశాల నుంచి కొని సగం ధరకు కూడా కాకుండా పంచుతుంటే ఖజానా ఎన్నాళ్లు ఆగుతుంది? సబ్సిడీ పిండి దొడ్డిదారిన పోవడం, చౌక రొట్టె పశువుల దాణా కావడం మిస్ర్‌లో మామూలే. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే ధర ఏమిటి అని ఆర్థిక నిపుణులు అడిగితే అది జుల్మ్ కాదు, సరైన బహసే. తప్పు ఆ బహస్ జరగకపోవడంలో ఉంది. విదేశీ కార్లు దిగుతున్న ముల్కులో పొదుపు మాత్రం రొట్టె దగ్గరే ఎందుకు మొదలవ్వాలి అని అడిగే వేదిక లేదు. అది లేకపోయేసరికి జవాబు రోడ్డు మీద వచ్చింది.

1977 నుంచి హుకూమత్ ఒక సబఖ్ నేర్చుకుంది. ధర పెంచడం కంటే రొట్టె తగ్గించడం మంచిదని. 1980లలో ధర మెల్లమెల్లగా 5 పియాస్టర్ల దాకా ఎక్కింది, అక్కడ మూడు దశాబ్దాలకు పైగా ఆగిపోయింది. బరువు మాత్రం ఆగలేదు. 2020లో 110 గ్రాముల రొట్టెను 90 గ్రాములు చేశారు. బిస్కెట్ ప్యాకెట్టు ధర అంతే ఉండి లోపల బిస్కెట్లు తగ్గడం మనకూ తెలుసు.

ఇది మిస్ర్ ఒక్కదాని కథ కాదు. ట్యునీషియాలో 1984 జనవరిలో రొట్టె ధర రెట్టింపైతే జనం లేచారు, 6వ తేదీన ప్రెసిడెంట్ బూర్గీబా వెనక్కి తీసుకున్నాడు. జోర్డాన్‌లో 1989 ఏప్రిల్‌లో మఆన్ ఊరి నుంచి మొదలైంది. రాజు హుసేన్ పెట్రోలు ధర సంగతి పక్కన పెట్టి, ఎన్నో ఏళ్లుగా ఆగిపోయిన పార్లమెంటు ఎన్నికలు అదే నవంబర్‌లో జరిపించాడు. నాకు ఈ జోర్డాన్ కిస్సా ఎక్కువ నచ్చుతుంది, కోపానికి మాట్లాడే చోటు ఇచ్చాడు కాబట్టి. సూడాన్‌లో 2018 డిసెంబర్‌లో రొట్టె ఒక పౌండు నుంచి మూడు పౌండ్లయితే అత్బరా వీధుల్లోకొచ్చింది, నాలుగు నెలలు తిరక్కుండా ఉమర్ అల్ బషీర్ ముప్పై ఏళ్ల హుకూమత్ పోయింది.

మన దగ్గర? 2000 ఆగస్టు 28 గుర్తుందా? అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, తెలుగు లిటరేచర్. ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు సంస్కరణలు, ఛార్జీల పెంపు, ఛలో అసెంబ్లీ, బషీర్‌బాగ్‌లో కాల్పులు. ముగ్గురు చనిపోయారు. మా ఇంట్లో అబ్బా పాత కరెంటు బిల్లు, కొత్త కరెంటు బిల్లు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. 2004లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం చెయ్యగానే రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టాడో అర్థం కావడానికి మ్యాపులూ బాణాలూ అక్కర్లేదు, ఆ రెండు బిల్లులు చాలు.

సాజిష్ అనే మాట మనకు కొత్త కాదు. మన మొహల్లాలో నల్లా నీళ్లు రాలేదని పది మంది ఆడవాళ్లు బిందెలతో కూర్చున్నా, "వీళ్ల వెనక ఎవరున్నారు?" అని ముందు అడుగుతారు, నీళ్లు ఎందుకు రాలేదని తర్వాత అడుగుతారు. అప్పుడు మనకెంత కాలుతుందో తెలుసు. మరి ఖార్తూమ్‌లోనో ఢాకాలోనో కొలంబోలోనో లేచినవాళ్ల గురించి అదే మాట మనం వేలితో ఫార్వర్డ్ చేసేస్తాం. పెద్ద దేశాలు అగ్గిలో చెయ్యి పెట్టవని కాదు, చాలాసార్లు పెట్టాయి. కానీ పచ్చి కట్టెను ఎవరూ అంటించలేరు.

2011 జనవరి 25న తహ్రీర్ మైదాన్‌లో మోగిన నారా "ఐష్, హుర్రియ్యా, అదాలా ఇజ్తిమాఇయ్యా." రొట్టె, ఆజాదీ, సమాజంలో ఇన్సాఫ్. మూడింట్లో రొట్టె ముందు. ఆ తర్వాత జరిగిందంతా మీరు చూసిందే. 2013లో జులూసుల మీద మళ్లీ గట్టి ఖానూన్ వచ్చింది. 2024 జూన్ 1న సబ్సిడీ రొట్టె 5 పియాస్టర్ల నుంచి 20 అయింది. ఈసారి హెల్వాన్ రోడ్డెక్కలేదు.

నిన్న భాంజా మళ్లీ వచ్చాడు. వాడే ఫోన్‌లో లెక్క కట్టాడు. "మామూ, 20 పియాస్టర్లంటే మన అర్ధ రూపాయి కూడా కాదు! దీనికి గొడవేంటి?"

అమ్మీ వంటింట్లోంచే అంది: "వాళ్ల నెల తన్ఖా ఎంతో, ఇంట్లో ఎంతమందో, అది కూడా చూడు బేటా."

వాడు కుర్చీ లాక్కుని మళ్లీ వెతకడం మొదలుపెట్టాడు.