ఎనిమిదో రోజు దాటితేనే బిడ్డ

స్కాట్లండ్‌కు పడమట, అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే సెయింట్ కిల్డా దీవుల్లో పుట్టబోయే బిడ్డకు ముందుగా బట్టలు కుట్టేవాళ్ళు కాదు. పుట్టి ఎనిమిది రోజులు గడిచి, ఇక బతుకుతుందన్న నమ్మకం కుదిరాకే కుట్టేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో చాలా ఏళ్ళపాటు అక్కడ పుట్టిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది పురిట్లోనే పోయారు. నాలుగైదు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి చన్ను పట్టలేకపోయేది. దవడలు బిగుసుకునేవి. వారం తిరిగేలోగా ప్రాణం పోయేది.

అది ధనుర్వాతం. బొడ్డు కోసిన గాయం నుంచి సోకేది. బొడ్డుకు ఫుల్మార్ పక్షి నూనె రాసేవారని, ఆ నూనెను గానెట్ పక్షి పొట్టతిత్తిలో నిలవచేసేవారని, జబ్బు అక్కణ్ణుంచే వచ్చేదని ఒక వాదన ఉంది. దాన్ని ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. దీవివాసులు మాత్రం దైవనిర్ణయమని తలవంచారు. 1889లో జపాన్ శాస్త్రవేత్త కితసాతో ధనుర్వాత క్రిమిని విడిగా పెంచి చూపించాడు. అదే ఏడాది అంగస్ ఫిడెస్ అనే మతబోధకుడు సెయింట్ కిల్డాకు వచ్చాడు. వరసగా పసికందులను పాతిపెట్టడం చూడలేక ఆయన గ్లాస్గో వెళ్ళి, పురుడు శుభ్రంగా పోయడం, బొడ్డుకు క్రిమినాశక మందు వేసి కట్టడం నేర్చుకుని వచ్చాడు. పాత పద్ధతికి అలవాటుపడ్డ దీవివాసులను ఒప్పించడం తేలిక కాలేదు. అయినా 1890ల తొలినాళ్ళకే ఆ చావులు ఆగాయి. అంతమంది పసివాళ్ళను కాపాడింది పడవా కాదు, విమానమూ కాదు, శుభ్రమైన చేయి. మన పల్లెల్లోనూ ఈ జబ్బు ఎందరు పురిటిబిడ్డలను మింగిందో పెద్దవాళ్ళకు తెలుసు; దేశం దీన్ని అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2015లోనే.

అయితే శుభ్రత ఒక్కటే అన్ని ఆపదలనూ గట్టెక్కించలేదు. కబురు పంపాలంటే సెయింట్ కిల్డా వాళ్ళు చెక్కను తొలిచి, అందులో ఉత్తరం పెట్టి, గొర్రెతోలు తిత్తి కట్టి సముద్రంలో వదిలేవారు. అది స్కాట్లండ్ తీరానికి చేరినా చేరవచ్చు, నార్వేకు కొట్టుకుపోయినా పోవచ్చు. 1930 తొలినాళ్ళలో జబ్బుపడిన ఒక గర్భిణిని పడవలో గ్లాస్గోకు చేర్చారు. అక్కడ ఆడబిడ్డను కని ఆమె చనిపోయింది, బిడ్డా దక్కలేదు. ఆ ఆగస్టు 29న మిగిలిన 36 మందీ దీవి వదిలేశారు.

స్కాట్లండ్ దీవుల వైద్యం విషయంలో ప్రభుత్వం అంతకుముందే కదిలింది. అక్కడి వైద్యాన్ని పరిశీలించిన డ్యూవర్ కమిటీ 1912లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, 1913లో హైలాండ్స్, దీవుల వైద్యసేవ మొదలైంది. డాక్టర్ల ప్రయాణఖర్చు ఖజానా భరించింది; పేదలకు ఫీజు తగ్గింది; నర్సులు ఊళ్ళలో కుదురుకున్నారు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవకు 35 ఏళ్ళ ముందుమాట ఇది. దీనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

1933 మే 14న ఐలా దీవి నుంచి ఒక జాలరిని చిన్న డ్రాగన్ విమానంలో గ్లాస్గో పక్కనున్న రెన్‌ఫ్రూకు తెచ్చారు. స్కాట్లండ్‌లో ఎయిర్ అంబులెన్స్ అలా మొదలైంది. బార్రా దీవిలో రన్‌వే అంటే సముద్రపు ఇసుకే. పోటు వస్తే మునిగిపోతుంది. అత్యవసరమైతే రాత్రిపూట ఆ ఇసుక మీద కార్ల హెడ్‌లైట్లు వేసి దారి చూపేవారు. ఈ సేవకు ప్రాణాలిచ్చినవాళ్ళూ ఉన్నారు. 1957 సెప్టెంబర్ 28న రోగి కోసం ఐలాకు వెళ్ళిన హెరాన్ విమానం కూలి పైలట్, రేడియో అధికారి, స్వచ్ఛందంగా బయల్దేరిన నర్సు ముగ్గురూ మరణించారు.

పసిబిడ్డ ప్రయాణం పెద్దవాళ్ళ ప్రయాణం లాంటిది కాదు. నెలతక్కువ బిడ్డ ఒళ్ళు నిమిషాల్లో చల్లబడిపోతుంది. విమానం పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి ఆక్సిజన్ తగ్గుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే అది ఉబ్బి ఊపిరిని నొక్కేస్తుంది. అందుకే వెచ్చగా సిద్ధంచేసిన ఇంక్యుబేటర్, వెంటిలేటర్, పసిపిల్లల వైద్యంలో ఆరితేరిన డాక్టరూ నర్సూ దీవికే వెళ్ళి, ముందు బిడ్డను కుదుటపరిచి, తర్వాతే కదిలిస్తారు. ఈ బృందాలను 2014లో స్కాట్‌స్టార్ పేరుతో ఒక్క గొడుగు కిందికి తెచ్చారు.

ఇంత ఏర్పాటున్నా, డాక్టర్లు మొదట కోరేది బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని తరలించడం. ఏ ఇంక్యుబేటరూ తల్లి కడుపుకు సాటిరాదు. అందుకే ముప్పున్న గర్భిణులు నొప్పులు రాకముందే దీవి దాటుతారు. పెద్దపిల్లలను ఎవరికో అప్పగించి, పెద్దాసుపత్రి ఉన్న ఊళ్ళో తనవాళ్ళెవరూ లేకుండా రోజులు లెక్కపెట్టుకునే ఆ తల్లి బస ఖర్చు, తోడు వచ్చే మనిషి ఖర్చు కూడా విమానం ఖర్చుతో పాటే వైద్యసేవ లెక్కలోకి రావాలి.