పంతులుగారి ఇల్లు, రాజ్యలక్ష్మమ్మగారి వంటిల్లు

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి గుర్తులకు కొదవలేదు. 1890లో ఆయన కట్టించిన టౌన్‌హాలు ఉంది. ఆస్తినంతా ధారపోసి నెలకొల్పిన హితకారిణీ సమాజం ఉంది. దంపతుల సమాధులున్న ఆనందోద్యానం ఉంది. విగ్రహాల సంగతి సరేసరి. విగ్రహం పాడైతే ఇంకొకటి పోయించుకోవచ్చు. 1848 ఏప్రిల్ 16న ఆయన పుట్టిన ఇల్లు మాత్రం ఒక్కటే. స్మారక గృహంగా మిగిలిన ఆ ఇంటి గురించే ఈ నాలుగు మాటలు.

1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకు, గౌరమ్మకు పంతులుగారు తన ఇంట పెళ్లి చేశారు. పసితనంలోనే భర్తను పోగొట్టుకున్న పిల్ల గౌరమ్మ. తెలుగునాట తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కిన ఆ పెళ్లికి ఊరు ఊరంతా అడ్డుపడింది. బంధువులు ముఖం చాటేశారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకుని గోదావరికి నడిచారు. తెచ్చిన నీళ్లతో పెళ్లివంట తానే వండారు. బయట విద్యార్థులు కాపు కాశారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు ధనసాయం చేశారు. మరి కొద్ది రోజులకే రెండో పెళ్లి జరిగింది.

సంస్కరణోద్యమమంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి 1874లో మొదలైన వివేకవర్ధని పత్రిక, ఉపన్యాసాలు, ప్రహసనాలు. అవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. వెలివేతను రోజూ పొయ్యి దగ్గర, నీళ్ల రేవులో భరించిన మనిషి కథ చెప్పడానికి పుస్తకం చాలదు, ఇల్లు కావాలి. పుట్టింటివారు బాపమ్మ అని పేరు పెట్టిన ఆ తల్లికి సొంత బిడ్డలు లేరు. ఆదరణ లేక ఇల్లు చేరిన ఆడపిల్లలకు తానే అమ్మ అయి, పురుళ్లు పోసి, పెళ్లిళ్లు చేసింది. 1910లో కన్నుమూసింది. ఆ ఇంట్లో పంతులుగారి బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతామో, ఆమెను తలుచుకుంటూ అంతసేపూ నిలబడాలి. పిల్లలను తీసుకెళ్లే మాస్టార్లు ముందు బిందె కథ చెప్పి, తరువాత తేదీలు చెబితే బాగుంటుంది.

ఇలాంటి ఇల్లు నిలబెట్టడం రంగులు వేసినంత సులువు కాదు. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు పొంగుతుంది, పెచ్చులూడతాయి, ఇటుక గుల్లబారుతుంది. కప్పు దగ్గర చిన్న కారుడును ఒక్క వర్షాకాలం వదిలేస్తే దూలానికి చెదలు పడతాయి. అందుకే పాత గోడకు సున్నమే వాడాలి, ఆ పని తెలిసిన మేస్త్రీలే చేయాలి. ఏటా వానలకు ముందే కప్పు చూసుకోవాలి. పదేళ్లకోసారి ఆర్భాటంగా చేసే మరమ్మతు కన్నా ఏటేటా చేసే చిన్న పనే ఇంటిని కాపాడుతుంది. దానికి కేటాయింపూ ఏటేటా ఉండాలి. మా ఊరి ఇల్లు అని పట్టించుకుని అడిగే జనం ఉంటేనే అది సాధ్యం.

ఇంటికన్నా తొందరగా చూడాల్సినవి ఆనాటి కాగితాలు. గోదావరి జిల్లాల్లో ఎందరి అటకల మీదో ఆ కాలపు ఉత్తరాలు, పెళ్లి శుభలేఖలు, పత్రిక సంచికలు ఇంకా ఉండే ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. దొరికినవాటిని ఏదైనా గ్రంథాలయానికి ఇచ్చేయడానికి మనసొప్పకపోతే కనీసం స్కాన్ చేయించి నకలు ఇవ్వండి.

2031 డిసెంబరు 11కి ఆ తొలి పెళ్లి జరిగి 150 ఏళ్లు నిండుతాయి. ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ ఆలోగా ఒకసారి పిల్లలతో ఆ ఇంటికి వెళ్లండి. చెమ్మ కనిపించినా, పగులు కనిపించినా ఊరుకోకుండా అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి.