అపాయము కల్పించుటయే అపరాధము

బండిని విచ్చలవిడిగాఁ దోలుట నేరమను శాసనము మోటారుతోఁ బుట్టినదని పలువురు తలఁతురు. కాని యది మోటారుకంటెఁ బాతది. 1860వ సంవత్సరమున భారత శిక్షాస్మృతి వెలసిననాఁడు మన బాటలపైఁ దిరిగినవి ఎద్దుబండ్లు, గుఱ్ఱపుబండ్లే. ప్రాణాపాయము కలుగునట్లు బహిరంగమార్గమున బండి తోలినవానికి ఆఱు మాసములవఱకుఁ జెఱసాల గాని, 1,000 రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని దాని 279వ సెక్షను. ఎవ్వరును గాయపడ నక్కఱలేదు. అపాయము కల్పించుటయే యపరాధము.

పిమ్మట మోటారు వాహనములకై 1914లోను, 1939లోను, 1988లోను ప్రత్యేక శాసనములు వచ్చినవి. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. దాని 281వ సెక్షను ఆ పాతవిధినే నిలిపినది. ఇన్ని శాసనము లుండియు, 2022లో మన దేశపు రహదారులపై ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి.

నేను పనిచేసిన బడి బాట ప్రక్కనే యుండెడిది. బాలురు దాటువేళ లారీ దూసికొనిపోయినప్పుడెల్ల, ఎవరికిని దగులలేదు గదా, గండము గడచినదని నేనును ఊరకుంటిని. శాసనము నేరమన్నదానిని నేను అదృష్ట మంటిని. ఒకనాఁడు నా తరగతి బాలుఁ డొకఁడు ఇల్లు చేరలేదు.

పెద్దలారా, తోలినవాఁడు మన యింటి కుఱ్ఱవాఁడైనను సరే, తప్పిపోయిన ప్రమాదమును గూడ ప్రమాదముగనే యెంచి, ఆనాఁడే పిలిచి మందలింపుఁడు. మఱునాఁటికి మన మాటతోఁ బని యుండకపోవచ్చును.