గడప దాటించిన శాసనము

గడపకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి గౌరవించుట తెలుగింటి ఆచారము. కాని చక్రముల కుర్చీలో కూర్చున్నవానికి ఆ గడపయే గోడ. ఈ సత్యమును ఒక ప్రభుత్వము గుర్తించి, దానికి శాసనరూపమిచ్చిన వృత్తాంతము రెండవ ప్రపంచయుద్ధానంతర అమెరికా చరిత్రలో కలదు.

మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుపాము దెబ్బతిన్న సైనికులలో అత్యధికులు కొద్దికాలములోనే మరణించిరి. మూత్రకోశ వ్యాధులు, పడకపుండ్లు వారిని బలిగొన్నవి. రెండవ యుద్ధమునాటికి సల్ఫా మందులును, పెన్సిలినును వచ్చినవి. నడుము క్రింది భాగము చచ్చుబడిన యువకులు రెండువేలకు పైగా బ్రతికి బయటపడిరి. వైద్యము ప్రాణము నిలిపినది. కాని ఆ బ్రతుకు గడచుట ఎచ్చట? ఆసుపత్రి విడిచి ఇంటికి పోదమన్న వాకిట మెట్లు. లోపల కుర్చీ పట్టని స్నానపుగది తలుపు. పింఛను అన్నము పెట్టగలదు గాని తలుపును వెడల్పు చేయజాలదు.

ఇట్టి మాజీ సైనికులే 1947లో జాతీయ సంఘముగా ఏర్పడి తమ హక్కులకై పాటుపడిరి. 1948 జూన్ 19న అధ్యక్షుడు ట్రూమన్ సంతకముతో 702వ శాసనము వెలువడినది. వెన్నుపాము దెబ్బవలన కాళ్లు పడిపోయిన సైనికుని అవసరములకు తగిన ఇంటి వ్యయములో సగము, 10,000 డాలర్లకు మించకుండ, ప్రభుత్వమే భరించును. ఇది తిరిగి తీర్చవలసిన అప్పు కాదు.

ఇల్లినాయిస్ రాష్ట్రమందలి రాక్‌ఫర్డ్ పట్టణమున నౌకాదళ మాజీ సైనికుడు కెనెత్ లారెంట్ ఈ సహాయముతో ఇల్లు కట్టించుకొనెను. ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ దానిని రూపొందించెను. మెట్లు లేవు, అంతయు ఒకే అంతస్తు, దారులు విశాలములు, దీపముల మీటలు కూర్చున్నవాని చేతికందును. 1952లో పూర్తియైన ఆ ఇంట ఆ దంపతులు సుమారు అరువది ఏండ్లు నివసించిరి.

శాసనమున కొరతలు లేకపోలేదు. మిగిలిన సగము సమకూర్చుకొనలేని పేదవానికి అది అందని పండే. ఇతర కారణములచే రెండు కాళ్లు కోల్పోయినవారికి 1959లో గాని వర్తింపలేదు. క్రమముగ మొత్తము పెరిగి, 2024 ఆర్థిక సంవత్సరమున గరిష్ఠ పరిమితి 1,17,014 డాలర్లైనది.

ఇల్లు తెరచుకొన్నను వీధి తెరచుకొనలేదు. తపాలా కార్యాలయమునకు మెట్లే; న్యాయస్థానమునకు మెట్లే. కేంద్రప్రభుత్వ భవనములు వికలాంగులకు ప్రవేశయోగ్యముగ నుండవలెనను చట్టము 1968లో గాని రాలేదు. దేశముకొరకు కాళ్లు కోల్పోయినవానికి తన ఇంటి గడప దాటించుట జాలితో వేయు భిక్ష కాదు. జాతి తీర్చవలసిన ఋణము. ఆ ఋణము ఇంటి వాకిటితో తీరిపోదు.