పూట పని, పూట పరిహారం

తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువుకు వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డాయని మీకు తెలుసు. ఆ ఊరి నేతవాడల్లో మన తెలుగు మాట వినిపిస్తుంది. అక్కడి కార్మికుడికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఒక పూటే పని దొరికితే రెండో పూటకు ఏమొస్తుంది?

1949 ఆగస్టులో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మూతపడింది. కార్మికులు వీధిన పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వహణను చేపట్టింది. వాటాదారు ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్ళినా, ఆ ఏడు డిసెంబరులో తీర్పు ప్రభుత్వం పక్షానే వచ్చింది. అయితే పని ఆగిన రోజులకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన అప్పటికి చట్టంలో లేదు.

అది 1953లో వచ్చింది. మిల్లుల్లో సరుకు పేరుకుపోయి షిఫ్టులు ఆపేస్తున్న రోజులవి. పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, పని లేక తాత్కాలికంగా ఆపేసిన కార్మికుడికి, అంటే లే-ఆఫ్ అయినవాడికి, మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం ఇవ్వాలన్నారు.

ఇక పూట పని సంగతి వినండి. వేళకు హాజరైనవాడికి రెండు గంటల్లోగా పని చూపకపోతే ఆ రోజు లే-ఆఫ్ కింద లెక్క. రెండో పూట రమ్మని పని ఇస్తే సగం రోజే లే-ఆఫ్. రోజు వేతనం 100 రూపాయలనుకోండి. చేసిన పూటకు 50, ఖాళీ పూటకు 25, మొత్తం 75 రూపాయలు. అసలు పనే లేకపోతే 50. రెండో పూట రమ్మని కూడా పని ఇవ్వకపోతే ఆ పూటకు పూర్తి వేతనం ఇవ్వవలసిందే.

షరతులూ ఉండేవి. రోజూ హాజరు వేయించుకోవాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలి. అదే యజమాని అయిదు మైళ్ళలోపు మరోచోట అదే వేతనానికి తగిన పని ఇస్తానంటే కాదనకూడదు. 50 మందికి తక్కువ ఉన్నచోట పరిహారం వర్తించలేదు.

ఈ చివరి షరతే మనవాళ్ళకు అడ్డొచ్చింది. మిల్లులు మూతపడ్డాక పని చిన్న చిన్న మరమగ్గాల షెడ్లకు చేరింది. మగ్గం ఆడినన్నాళ్ళే కూలి, ఆగిన పూటకు ఏమీ లేదు. 2018లో ఈ.ఎస్.ఐ. ప్రవేశపెట్టిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఉద్యోగం పోయినవారి కోసం వచ్చిందే, పూటలు తగ్గినవారి కోసం కాదు.

కనుక అన్నలారా, అక్కలారా, హాజరు పుస్తకంలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. కూలి చీటీలు దాచుకోండి. రేపు హక్కు అడగవలసి వస్తే మీ తరఫున సాక్ష్యం చెప్పేవి అవే. సెలవు.